ఐదు బీడీలు చుట్టేంత సేపు

మా వాడకట్టులో నాకు గయ్యాళి అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. నల్లా దగ్గర వరుస తప్పి బిందె పెట్టినవాళ్లను నేను వదిలిపెట్టిన రోజు లేదు. అయితే ఇప్పుడు చెప్పబోయే సంగతి ఎక్కువగా నా చెవుల మీద నడిచింది. నోరు మాత్రం ఒకసారి కొంప ముంచింది, ఒకసారి గట్టెక్కించింది.

నేను పుట్టింది కోరుట్లలో. మా అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, దారం చుట్టి బీడీలు చేసేది. ఆమె పక్కన కూర్చునే నేనూ నేర్చుకున్నాను. పెళ్లై సిరిసిల్లకు వచ్చినప్పుడు చీరలతో పాటు చాట కూడా తెచ్చుకున్నాను. మా ఇంటి గోడకు అవతలే కార్ఖానా. అందులో మా ఆయన నాలుగు సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. నాలుగూ కలిసి మోగుతుంటే గోడకు తగిలించిన అద్దం వణికేది. మొదటి వారం నాకు తల తిరిగిపోయింది.

"గీ సప్పుడుల మనుషులెట్ల ఉంటరు అత్తమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "సప్పుడుంటెనే పని నడుస్తున్నట్టు బిడ్డా. జెర ఆగు, నీకే అలవాటైతది."

అలవాటు కాదు, అంతకు మించి అయింది. ఏడాది తిరిగేసరికి ఏ సాంచె ఆగిందో, ఎందుకు ఆగిందో నేను బీడీలు చుడుతూనే చెప్పేయగలిగేదాన్ని. అటూ ఇటూ పరుగెత్తే నాడెలో చిన్న కండె ఉంటుంది. దాని మీది నూలు అయిపోతే సాంచె ఆగుతుంది. కొత్త కండె పెట్టి నడిపించడానికి మా ఆయనకు ఒక బీడీ చుట్టేంత సేపు కూడా పట్టేది కాదు. పోగు తెగితే వెతికి ముడి వేయాలి, దానికి రెండు బీడీలు, మహా అయితే మూడు. కరెంటు పోతే వాడకట్టంతా ఒక్కసారే మూగబోయేది కాబట్టి అది లెక్కలోకి రాదు. మామూలుగా ఏ సాంచె ఆగినా నా చాటలో ఐదో బీడీ పడేలోపు మళ్లీ మోగేది. ఇదంతా నేను పనిగట్టుకుని లెక్కపెట్టింది కాదు. చేతులు వాటి పని అవి చేస్తుంటే చెవులు వాటి పని అవి చేసేవి.

ఆయన మంచివాడు. పెళ్లాలందరూ ఇదే మాట అంటారు గానీ, మా ఆయన నిజంగానే మంచివాడు. అన్నానికి వచ్చినప్పుడు వెంట్రుకల నిండా నూలు దుమ్ముతో గుమ్మంలో నిలబడి, "ఏమే, ఇయ్యాల ఎవల మీద పడ్డవు?" అని నన్ను ఉడికించేవాడు. పని దిగాక కల్లు దుకాణానికి పోయేవాడు. అక్కడ అమ్మేది మందు కల్లు. పేరుకే కల్లు, లోపలంతా నీళ్లూ, ఏదో తెల్లటి మత్తుపొడీ. వాడకట్టులో సగం మంది మగవాళ్లు అదే తాగేవారు కాబట్టి నేను తిట్టినా నలుగురి తిట్లలో ఒకటిగా పోయేది.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను మేం అలాగే పిలిచేవాళ్లం. గోడల మీద ఎర్ర అక్షరాలు, రోడ్ల మీద పోలీసుల తనిఖీలు, బంద్ అంటే బస్సులు డిపో దాటని కాలం. ఒక రోజు పొద్దున్నే లేచేసరికి కల్లు దుకాణం తలుపుకు అన్నల కాగితం అంటించి ఉంది, తాగుడు బంద్ అని. కింద తాళం. ఆడవాళ్లం ఎంత సంబరపడ్డామో! నేనైతే ఆ తాళాన్ని చూడ్డానికే రెండుసార్లు ఆ దారిన పోయి వచ్చాను.

మూడో రోజుకు సంబరం దిగిపోయింది. మా ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. కండె పట్టుకుంటే జారిపోతోంది. "బట్ట మీద చీమలు పారుతున్నయే, దులుపు, దులుపు" అని ఒట్టి దుప్పటిని చూపిస్తూ కేకలు. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. సర్కారు దవాఖానకు తీసుకుపోతే అక్కడ మా వాడకట్టువాళ్లే ఇంకో నలుగురు అదే తీరున మంచాల మీద ఉన్నారు. వారం రోజులు సెలైన్లు ఎక్కించి పంపారు. ఇంటికి వచ్చాక మనిషి చిక్కిపోయాడు గానీ కళ్లు తేటపడ్డాయి. రెండు నెలలు ముట్టలేదు. ఊరవతల దొంగచాటుగా ఇంకో దుకాణం తెరిచినా ఆ దిక్కు చూడలేదు. నేను బెల్లం అన్నం వండి ఇంటింటికీ పంచాను.

తర్వాత ఒక మధ్యాహ్నం రెండో సాంచె ఆగింది. ఐదో బీడీ పడింది, ఆరోది పడింది, పదోది పడింది. "ఏమయ్యా, నిద్రవోయినవా?" అని గోడ మీదుగా అరిచాను. కాసేపటికి మోగింది. మర్నాడు రెండు సాంచెలు అలాగే ఆగాయి. ఆయన అన్నానికి వచ్చి నన్ను ఉడికించలేదు. కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. అలా ఎనిమిదో రోజున తాగి వచ్చాడు. నేను చేసిన గొడవ ఇక్కడ రాయను, చదివేవాళ్లు చెవులు మూసుకోవాల్సి వస్తుంది.

అత్తమ్మ కొండగట్టు ఆంజనేయుడికి మొక్కింది. మనసు చెదిరినవాళ్లను అంజన్న సన్నిధిలో నలభై రోజులు ఉంచడం మా దిక్కున ఎప్పటినుంచో ఉంది. ముగ్గురం పోయి ఉన్నాం. తెల్లవారి స్నానం, ప్రదక్షిణలు, చెట్ల కింద వంట. ఒక కోతి నా తంబాకు సంచి ఎత్తుకుపోయి, వాసన చూసి, నా మొహాన విసిరికొట్టింది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో! బాగుపడ్డాడు, నిజంగానే బాగుపడ్డాడు. దిగి వచ్చాక మూడు నెలలు ఇంట్లో పండగే.

మళ్లీ సాంచె ఆగింది. మళ్లీ ఎనిమిదో రోజున తాగాడు. ఈసారి మర్నాడు పొద్దున గడపలో కూర్చుని, నా వైపు చూడకుండా, "నాకు ఉండబుద్ధి అయితలేదే" అన్నాడు.

"ఉండకుంటె ఏడికి పోతవు?" అన్నాను విసురుగా.

"ఏడికి కాదు. ఉండుడే బుద్ధి అయితలేదు."

చాట పక్కన పెట్టేశాను. అంతవరకూ నేను తాగుడుతో కొట్లాడుతున్నాననుకున్నాను. ఆ మాటతో నాకు అర్థమైంది, ఈ మనిషే నాకు దక్కకుండా పోయేట్టున్నాడు. ఆ రోజు నుంచి ఆయనను నా కంటి చూపు దాటనివ్వలేదు. అత్తమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. అయినా సందు దొరికితే కల్లుకు పోతూనే ఉన్నాడు.

కోరుట్లలో మా అవ్వ పక్కింట్లో మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒక ముస్లిం ఆమె ఉండేది. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుతూ మాతో పాటే బీడీలు చుట్టేది. ఒక రోజు నేను అవ్వ దగ్గరికి పోతే నా మొహం చూసి, "బేటీ, మా తమ్మునికి గిట్లనే అయితె జగిత్యాల తీస్కపోయినం. ఆడ మనసు డాక్టర్ కూసుంటడు. షరం పడకు, తీస్కపో" అంది. నేను సిగ్గుపడ్డాను. వాడకట్టులో ఎవరడిగినా ఆయనకు కడుపునొప్పి అని చెప్పి బయల్దేరాను.

ఆ డాక్టర్ రెండు రకాల మందులిచ్చాడు. చిన్న తెల్ల గోలీలు, రోజురోజుకీ తగ్గిస్తూ వేయమన్నాడు. ఇంకోటి పొద్దున ఒకటి, అది ఆపకుండా వేయమన్నాడు. ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ నాకు బస్సు మీద ధ్యాస. సగమే విన్నాను.

సిరిసిల్లలో మందుల దుకాణం అతనికి ఆ గోలీలు చూపించాను, ఇవి దేనికని. అతను గొంతు తగ్గించి, "గీ తెల్లగోలీ మందేనక్కా కల్లుల కలిపేది" అన్నాడు.

ఇక చూడండి నా కోపం! కల్లు మాన్పించమని తీసుకుపోతే కల్లులో కలిపే మందే చేతిలో పెడతాడా? వీడు డాక్టరా, కల్లు దుకాణం వాడా? ఇంటికి వచ్చి ఆ గోలీలను ఇంటి ముందు మురుగు పారే మోరీలో పారబోశాను. తెల్లవే కాదు, ఆ చేతితోనే రెండోవి కూడా. వాడకట్టు ఆడవాళ్లు నిలబడి చూసి, "మంచిపని చేసినవ్" అని మెచ్చుకున్నారు. అందరికీ వినపడేలా ఆ డాక్టర్‌ను ఏడు తరాలు తిట్టాను. నోరు కొంప ముంచిందన్నది ఇక్కడే.

మూడో రోజు నాలుగో సాంచె పక్కనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తల ఇనుప కడ్డీకి తగలకుండా జానెడు దూరంలో తప్పింది. పక్కవాళ్లు మోసుకొచ్చి జీపులో వేశారు. వేములవాడ, రుద్రంగి, కథలాపూర్, కోరుట్ల, దారంతా ఆయన తల నా ఒళ్లో, అత్తమ్మ అంజన్నను పిలుస్తూనే ఉంది. జగిత్యాలలో ఆయనను లోపల పడుకోబెట్టి సూది వేశారు. మనిషి కుదుటపడ్డాడని తెలిసిందో లేదో, నేను డాక్టర్ మీద పడ్డాను.

"కల్లుల కలిపే మందే కద సార్ నువ్విచ్చింది! నన్ను పిచ్చిదాన్ని చేసినవా?"

ఆయన కోపగించుకోలేదు. "అవునమ్మా, గదే మందు" అన్నాడు. "ఇన్నేండ్లు దానికి అలవాటైన ఒళ్లది. ఒక్కపారే ఆపితె కొండగట్టు మీదికెళ్లి నూకినట్టే. నేను మెట్టు మెట్టు దింపుతున్న. ఇయ్యాల మూడు, వారానికి రెండు, ఇంకో వారానికి ఒకటి, ఎనుక ఉండనే ఉండది. మొన్న గిదే చెప్తున్న, నువ్వు బస్సని ఉరికినవ్."

గోలీలు మోరీలో పారబోసిన సంగతి నేనే చెప్పేశాను. నన్నెరిగినవాళ్లు ఎవరూ నమ్మరు గానీ, తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

మా ఆయన లేచి కూర్చోగలిగాక డాక్టర్ మమ్మల్ని ముగ్గురినీ పిలిచి ఒక ప్రశ్న అడిగాడు. "ముంగట ఏమైతదమ్మా? తాగినంక దిగులైతదా, దిగులైనంక తాగుతడా?"

"తాగుడే సార్ అన్నిటికి" అంది అత్తమ్మ. నేనూ అదే అనబోయాను. అందరూ అనేది అదే, అన్నలు కాగితం మీద రాసిందీ అదే, తాగుడు మానితే అన్నీ బాగుపడతాయని. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు నా చెవుల్లో ఆ మధ్యాహ్నం వినపడింది. రెండో సాంచె ఆగిన మధ్యాహ్నం. పదో బీడీ.

"సాంచె ఆగుతది సార్!" అని అరిచాను. "ముంగట సాంచె ఆగుతది! తాగుడు ఎనుక!"

డాక్టర్‌కు అర్థం కాలేదు. నేను కుర్చీ అంచుకు జరిగి మొత్తం చెప్పాను. కండెకు ఒక బీడీ, పోగుకు మూడు, ఐదు దాటితే ఏదో అయినట్టు. మొదటిసారి ఎనిమిది రోజులు, రెండోసారి ఎనిమిది రోజులు. ఆ రెండుసార్లూ మొదట సాంచె ఆగిన రోజున ఆయన చుక్క ముట్టి లేడు, దానికి నేనే సాక్షి. చెబుతుంటే నా చేతులు గాల్లోనే బీడీ చుడుతున్నాయి. ఇన్నాళ్లూ నా దగ్గరే ఉందే ఈ సంగతి, నా చాటలోనే ఉందే! డాక్టర్ కలం తీసి గబగబా రాసుకున్నాడు. మా ఆయన వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మా ఆయన మొదటిసారి నోరు విప్పాడు. "నిజమే సార్. పోగు తెగుడు కనవడుతది. ముడెయ్యాలెనని ఎరుకే. చెయ్యి లేవది. నిద్ర పట్టది. గట్ల ఎనిమిది రోజులుంటె ఇగ ఓపిక ఉండది. కల్లు తాగితె జెర నిద్రవడుతది. గందుకే పోత."

అన్నేళ్ల కాపురంలో ఆ మాట నాతో చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగనూ లేదు, తిట్టడమే సరిపోయింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే సంతోషం కూడా వచ్చింది. దొరికింది, దొరికింది అని లోపల ఒకటే గంతులు.

"రెండు రోగాలమ్మా" అన్నాడు డాక్టర్. "మనసుకు దిగులు రోగం, ఒంటికి మత్తు అలవాటు. ఇన్ని దినాలు ఒక్క తాగుడే ఆపిండ్రు, దిగులు అట్లనే ఉండె. అది మళ్ల తాగుడును పిలుచుకచ్చింది. తాగుడు ఆపకుంట దిగులుకు మందిచ్చినా పని చెయ్యది. రెండింటికి ఒక్కసారే చూడాలె. తెల్లగోలీలు నెల రోజులల్ల బంద్ అయితయ్. రెండోది మూడు వారాలు పోతె గాని గుణం కనవడది, అయినా ఆపద్దు. నిమ్మలమైందని నడుమల అసలే ఆపద్దు."

"మరి కొండగట్టుకు పోవద్దా సార్?" అత్తమ్మ భయంగా అడిగింది.

"ఎందుకు పోవద్దు? గోలీ ఏసుకొని పో అవ్వా."

పది రోజులు అక్కడే ఉంచారు. డాక్టర్ రోజూ ఆయనను కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. తాగబుద్ధి అయినప్పుడు ఏ దారిన పోవాలి, ఎవరితో చెప్పాలి అని అడిగి అడిగి చెప్పించేవాడు. ఒక పొద్దున వరండాలో అత్తమ్మా నేనూ కూర్చుని ఉన్నాం. ఆమె ఉన్నట్టుండి, "మీ మామ గూడ గంతే ఉండె బిడ్డా" అంది.

మా మామను నేను చూడలేదు. ఆయన చేమగ్గం నేసేవాడని తెలుసు, నా పెళ్లికి చాలా ముందే పోయాడని తెలుసు.

"గుంత మగ్గం సప్పుడు వంటింట్లకు వినవడుతుండె. ఉన్నట్టుండి ఆగేది. నేను పొయ్యికాడ కూసోని ఇంటుండె. పోయి అడుగబుద్ధి అయ్యేది, అడుగకపోతుంటి. మొగోడు, ఏమన్న అంటడేమోనని. ఒక్కనాడు ఆగింది, మళ్ల మోగలె." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకు గూడ వినవడ్డది బిడ్డా. నువ్వు చెప్పినవ్, నేను చెప్పకపోతి."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు రోజు వరకూ ఆమెకూ నాకూ ఉప్పు డబ్బా దగ్గర కూడా పడేది కాదు.

తిరుగు ప్రయాణంలో నా నోరు గట్టెక్కించింది. నెల రోజుల మందులు ఒక సంచి నిండా ఉన్నాయి. జగిత్యాల నుంచి వచ్చి కోరుట్లలో బస్సు మారాం. కథలాపూర్ దాటి రుద్రంగి దగ్గరికి వచ్చేసరికి పోలీసులు బస్సు ఆపారు. సంచులన్నీ విప్పి చూస్తున్నారు. నా సంచిలో చెయ్యి పెట్టిన జవాను అట్టలు అట్టలుగా గోలీలు బయటికి తీశాడు.

"గిన్ని గోలీలు ఎవలకు? లోపటికి పోతున్నయా?"

లోపలికి అంటే అడవిలోకి, అన్నలకు. ఆ రోజుల్లో మందులు మోసుకుపోతున్నారని అనుమానం వస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది, దాన్ని తంబాకు సంచి అడుగున దాచాను. భయంలో అది గుర్తుకు రాలేదు. ఈ గోలీలు పోతే మూడో రోజు ఏమవుతుందో నేను రెండుసార్లు చూశాను. ఇక నాలో ఏదో భగ్గుమంది.

"లోపటికి లేదు, బయటికి లేదు! నా మొగనికి సార్ అవి! దిగులు రోగానికి, కల్లు మాన్పిచ్చుటానికి! మనసు దవాఖానకెళ్లి తెస్తున్న! కావాలంటె ఒకటి గుంజుకోండ్రి, అన్ని గుంజుకుంటె గీ మనిషి పానం ఎవలు తెస్తరు? మీరు తెస్తరా?"

జవాను రెండడుగులు వెనక్కి వేశాడు. బస్సులో సగం మంది సిరిసిల్లవాళ్లే. కడుపునొప్పి అని నేను ఇన్నాళ్లూ దాచిందంతా ఒక్క అరుపుతో ఊరందరి ముందు పడింది. వెనక సీటులోంచి ఎవరో, "నిజమే సార్, గాయిన మా వాడకట్టే. మస్తు తాగుతుండె" అని సాక్ష్యం కూడా చెప్పారు. అప్పుడు చీటీ గుర్తొచ్చింది. తంబాకంతా దులిపి ఇచ్చాను. జవాను అటూ ఇటూ తిప్పి చూసి, తుమ్మి, సంచి నా ఒళ్లో పెట్టి దిగిపోయాడు.

బస్సు కదిలాక నాకు సిగ్గు ముంచుకొచ్చింది. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఇక ఈ మనిషి నా మొహం చూడడనుకున్నాను. వేములవాడ బస్టాండులో ఆగినప్పుడు ఒకామె మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది. "అక్కా, గా డాక్టర్ ఏ బజార్ల కూసుంటడు? మా పిలగాడు గూడ గిట్లనే చేస్తున్నడు" అంది. ఆమె వెనక ఇంకో ఆమె. ఇద్దరికీ దారి చెప్పాను. బస్సు దిగేసరికి మా ఆయన నన్ను చూసి, "ఇయ్యాల పోలీసోని మీద వడ్డవా?" అన్నాడు. అబ్బ, ఆ మాట విని ఎన్ని రోజులైంది! బస్టాండు మధ్యలో నిలబడి పెద్దగా నవ్వేశాను.

తర్వాత ఏడాది ఎలా గడిచిందంటే, నేను బీడీలు చుడుతుంటే సాంచెలు మోగాయి. అంతకంటే చెప్పడానికి ఏం లేదు, అదే నాకు కావలసింది. మొదటి మూడు వారాలు ఏ గుణమూ కనపడలేదు. మోరీ దిక్కు చూసి, పళ్లు కొరుక్కుని, గోలీ ఆయన నోట్లో పడేదాకా ఎదురుగా నిలబడ్డాను. నాలుగో వారంలో ఒక రోజు కంచంలో ఇంకొంచెం పప్పు వేయమన్నాడు. నేను వంటింట్లోకి పోయి గరిటె పట్టుకుని ఒక్కదాన్నే ఎగిరాను. తెల్లగోలీలు అయిపోయాయి. నెలకోసారి జగిత్యాల పోయి వచ్చేవాళ్లం, ఏటా కొండగట్టుకూ పోదామనుకున్నాం. నా బీడీల లెక్క ఆయనకు ఆట అయిపోయింది. అన్నానికి వచ్చి, "పోగు తెగినా నాలుగో బీడీకే నడిపిచ్చిన, సూడు" అని గొప్పలు పోయేవాడు.

డాక్టర్ ముందే చెప్పాడు, మందు వేస్తున్నా దిగులు ఒక్కోసారి తల ఎత్తుతుందని, ఎనిమిదో రోజు దాకా ఆగకుండా వెంటనే రమ్మని. మా ముగ్గురి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఐదు బీడీలు దాటితే ఎవరూ తిట్టకూడదు, ఏడవకూడదు, బస్సెక్కాలి. తిట్టకూడదన్నది ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు.

వానలు వెనకబట్టిన రోజులు. మధ్యాహ్నం మూడో సాంచె ఆగింది. చేతులు ఆగలేదు. ఒకటి. కండె అయ్యుంటుంది. రెండు, మూడు. పోగు తెగిందేమో. నాలుగు. నా వేళ్లు దారాన్ని మెల్లగా చుడుతున్నాయి, ఐదోది పడకూడదని. పడింది. అంతలో ఒకటో సాంచె ఆగింది. రెండోది ఆగింది. నాలుగోదీ ఆగింది. కరెంటు పోలేదు, పక్క కార్ఖానాలో మోగుతూనే ఉన్నాయి. గోడ మీది అద్దం కదలకుండా నిలబడింది. వంటింట్లోంచి అత్తమ్మ బయటికి వచ్చింది, ఆమె చేతిలో పిండి. చాట ఎక్కడ పడిందో తెలియదు. నేను గుమ్మం వైపు పరుగెత్తాను.

గుమ్మంలో ఆయన. వెంట్రుకల నిండా నూలు దుమ్ము. కాళ్లకు చెప్పులు వేసుకుని ఉన్నాడు.

"ఐదైనయా?" అన్నాడు.

తల ఊపాను.

"నాకు గూడ గంతే అయింది. పోగు ముడెయ్యబుద్ధి అయితలేదే. పొద్దటి సంది కోషిష్ చేస్తున్న." వెనక కార్ఖానా వైపు చెయ్యి చూపించాడు. "ఎనిమిది రోజులు ఎందుకాగుడు? అన్ని నేనే బంద్ చేసి అచ్చిన. పా, జగిత్యాల పోదాం."

నేను ఒక్క మాట తిట్టలేదు. అత్తమ్మ పిండి చేతులతోనే ఆయన తల మీది దుమ్ము దులిపింది. మళ్లీ తెరుచుకున్న కల్లు దుకాణం ముందు నుంచే బస్టాండుకు దారి. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ దారినే నడిచాడు.

రుద్రంగి దగ్గర మళ్లీ బస్సు ఆపారు. జవాను మా సీటు దగ్గరికి వచ్చి ఎక్కడికని అడిగాడు. నేను నోరు తెరిచాను. మా ఆయన నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. బస్సంతా వినేలా తనే చెప్పాడు.

"దవాఖానకు సార్. నాకే. రెండు రోగాలు. రెండింటికి మందు తెచ్చుకోను పోతున్న."